కండలో తక్కువ, కాలేయంలో ఎక్కువ: మా చెరువు చేపలు తినొచ్చా, లేదా?

వాగొడ్డు_పిల్ల
ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మా ఊరి చెరువు చేపల్లో సీసం, కాడ్మియం, రాగి, జింకు ఎంతున్నాయో కొలవడం నా ప్రాజెక్టు. చెరువు పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. హైదరాబాద్ శివార్లు దాటాక ఉంటుంది. ఫ్యాక్టరీల దిక్కు నుంచి వచ్చే వాగు ఒకటి ఇందులో కలుస్తుంది.

నాలుగు రకాలు తీసుకున్నాను: రవ్వ, బొచ్చ, కొర్రమట్ట, మార్పు. కండ, కాలేయం, మొప్పలు వేరు చేసి, ఓవెన్‌లో ఆరబెట్టి, పొడి చేసి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఏఏఎస్ (లోహాలు కొలిచే యంత్రం) మీద చూశాం. కొర్రమట్ట, మార్పు కండలో సీసం ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) పరిమితిని దాటేసింది. చేపలకు ఆ పరిమితి కిలోకు 0.3 మిల్లీగ్రాములు. కాలేయం సంగతి చెప్పక్కర్లేదు, కండకు ఎన్నో రెట్లు. ‘ఈ చేపలు తినడానికి పనికిరావు అని రాసి పేపర్ పంపెయ్’ అంటున్నారు మా గైడ్.

మత్స్య సంఘం పెద్దాయన మూడు నెలలు నన్ను తన తెప్ప మీద తిప్పాడు. రూపాయి తీసుకోలేదు. మొన్న వల దులుపుతూ ‘బిడ్డా, మా చేపలు మంచిగనే ఉన్నయా?’ అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో కొర్రమట్ట పులుసుతోనే అన్నం తిన్నాను. పేపర్ వస్తే వాళ్ళ బతుకు పోతుంది. రాయకపోతే వాళ్ళ పిల్లలు అవే చేపలు తింటూ ఉంటారు. నెల రోజులుగా ఇదే టెన్షన్. అసలు నా లెక్కలు సరిగ్గానే ఉన్నాయా?

ఉప్పుటేరు_రాజు
రవ్వ అంటే మా శీలావతేనా?

వాగొడ్డు_పిల్ల
అవునన్నా, అదే. కొర్రమట్ట అంటే మీ కొర్రమేను.

ఉప్పుటేరు_రాజు
హమ్మయ్య. మా మట్టగిడసని అంటున్నావేమో అనుకున్నా. కృష్ణ దాటితే చేపకి ఇంటిపేరు కూడా మారిపోతుంది.

చేపల_మాస్టారు
రాజు నవ్వుతూ అన్నా, విషయం ఉంది. థీసిస్‌లో ఊరి పేరుతో పాటు శాస్త్రీయ నామం తప్పక రాయమ్మా. లేబియో రోహిత, చన్నా స్ట్రయేటా అని రాస్తే ఎక్కడివాళ్ళకైనా తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు చేపల పాఠం చెప్పినవాణ్ణి, పేర్ల దగ్గర తారుమారైన రికార్డులు చాలా దిద్దాను.

ఇక అసలు సంగతి. చెరువు పైనుంచి కిందదాకా ఒకటే నీళ్ళలా కనిపిస్తుంది గానీ చేపలకు అది అంతస్తుల మేడ. బొచ్చ పై నీళ్ళలో సూక్ష్మ జీవులను వడకట్టుకుని తింటుంది. రవ్వ మధ్యలో తిరుగుతుంది. మార్పు అడుగు బురదలో పురుగులు, కుళ్ళినవి తింటుంది. కొర్రమట్ట చిన్న చేపలనూ కప్పలనూ మింగుతుంది. వాగుతో వచ్చిన సీసం నీళ్ళలో ఎక్కువసేపు ఉండదు, మట్టి రేణువులకు అంటుకుని అడుగుకు చేరుతుంది. బురదలో బతికే మార్పుకు ఎక్కువ తగలడంలో వింత లేదు.

వయసు కూడా చూడు. చెరువుల్లో రవ్వ, బొచ్చ పిల్లలను వానాకాలంలో వదిలి ఎండాకాలానికి పట్టేస్తారు. అవి నీళ్ళలో ఉండేది ఎనిమిది, పది నెలలు. కొర్రమట్ట ఆ చెరువులోనే పుట్టి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏడాది నిండని చేపనూ మూడేళ్ళ చేపనూ పక్కపక్కన పెట్టి ‘ఈ రకంలో ఎక్కువ’ అంటే, అది రకం వల్ల వచ్చిందో వయసు వల్ల వచ్చిందో చెప్పలేవు. ఒక్కో చేప పొడవు, బరువు రాసుకున్నావా?

వాగొడ్డు_పిల్ల
బరువు రాశాను సార్. పొడవు అన్నిటికీ రాయలేదు.

సంతబజార్
మనం తినేది కండ. కాలేయం, పేగులు, మొప్పలు చేపలమ్మే ఆమె అక్కడే కోసి పారేస్తుంది. కాలేయంలో ఎంతుంటే మనకెందుకు?

అత్తిలి_ఆడపడుచు
అందరూ పారేయరండీ. మా అమ్మమ్మ చేప జన, కాలేయం విడిగా తీసి ఉల్లిపాయలతో వేయించేది, పిల్లలమంతా దానికోసం కొట్టుకునేవాళ్ళం. పరిగెలు, నెత్తళ్ళు అయితే ముల్లుతో సహా నమిలేస్తాం కదా, పేగు కూడా సరిగ్గా తీయం.

చేపల_మాస్టారు
ఆడపడుచు మంచి మాట అన్నారు. సీసం కాల్షియం దారిలోనే పోయి ఎముకల్లో చేరుతుంది. పెద్ద చేప ముల్లు పారేస్తాం, చిన్న చేపను మొత్తం తింటాం. పేదల కంచంలోకి వచ్చేవి ఈ చిన్న చేపలే. అమ్మాయ్, నీ నాలుగు రకాల్లో పరక చేప ఒక్కటీ లేదు, చూసుకో.

సంతబజార్ గారి ప్రశ్నకు. కాలేయం గోదాములాంటిది. లోపలికి వచ్చిన కాడ్మియాన్ని, రాగిని పట్టి ఉంచడానికి చేప కాలేయంలో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. గోదాము నిండుతోందంటే చెరువులోకి సరుకు వస్తోందనే. తినేవాడికి ఎంత ముప్పో కండ చెబుతుంది. చెరువుకు, చేపకు ఏం జరుగుతోందో కాలేయం, మొప్పలు చెబుతాయి. ఇవి రెండు వేరు ప్రశ్నలు. అన్నట్టు రాగి, జింకు చేపకు కావలసినవే, వాటిని అది తనే అదుపు చేసుకుంటుంది. కాలేయంలో రాగి కాస్త ఎక్కువ ఉండడం మామూలే, దాన్ని చూసి కంగారు పడకు.

ల్యాబ్_కోటు
చెల్లీ, ఒక్క మాట చెప్పు. నీ సీసం అంకె ఆరబెట్టిన పొడి కిలోకా, పచ్చి చేప కిలోకా?

వాగొడ్డు_పిల్ల
పొడికే అన్నా.

ల్యాబ్_కోటు
అక్కడే తిరకాసు. ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితి పచ్చి చేపకు. చేప కండలో 75 నుంచి 80 శాతం నీళ్ళే. వంద గ్రాముల కండ ఓవెన్‌లోంచి బయటికొచ్చేసరికి 20, 25 గ్రాములవుతుంది. అందులో ఉన్న సీసం మాత్రం ఎక్కడికీ పోదు. అంటే పొడి లెక్క పచ్చి లెక్కకు నాలుగైదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. నువ్వు పొడి అంకె తెచ్చి పచ్చి పరిమితి పక్కన పెట్టావు. అచ్చయిన పేపర్లలో కూడా ఈ తప్పు చూశాను, నువ్వొక్కదానివే కాదు.

ఓవెన్‌లో పెట్టకముందు, తీశాక బరువులు రాసుకుని ఉంటే వాటితో వెనక్కి లెక్కేయి. ఇంకో రెండు ప్రశ్నలు. ఏఏఎస్ ఫ్లేమ్ మీదా, గ్రాఫైట్ ఫర్నేస్ మీదా? కోసింది ఏ కత్తితో?

వాగొడ్డు_పిల్ల
ఫ్లేమ్. స్టీలు కత్తి.

ల్యాబ్_కోటు
రాగి, జింకుకు ఫ్లేమ్ చాలు. సీసం, కాడ్మియం ఇంత తక్కువ స్థాయిలో ఉంటే ఫ్లేమ్‌కు ఆనవు, అంకె వచ్చినా అది గాలికి ఊగే సూదే. ఫర్నేస్ కానీ ఐసీపీ-ఎంఎస్ కానీ, అంత తక్కువను పట్టగల యంత్రం కావాలి. స్టీలు కత్తి క్రోమియం, నికెల్ వదులుతుంది. నువ్వు అవి కొలవడం లేదు కాబట్టి ఈసారికి బతికిపోయావు, అయినా ప్లాస్టిక్ కత్తి కొనుక్కో. ప్రతి బ్యాచ్‌లో చేప లేకుండా ఉత్త యాసిడ్‌తో ఒక ఖాళీ నమూనా నడుపు. ఎంతుందో ముందే తేల్చి ధ్రువీకరించిన చేప పొడి దొరుకుతుంది, అదీ ఒకటి నడుపు. దానికి సరైన జవాబు రాకపోతే మిగతా అంకెలను నమ్మొద్దు.

వాగొడ్డు_పిల్ల
బరువుల రికార్డు తీసి లెక్కేశాను. చేతులు వణికాయి. కొర్రమట్ట పరిమితి లోపలికి వచ్చేసింది. మార్పు అంచున ఉంది, ఇటో అటో చెప్పలేను. ‘పనికిరావు’ అని పంపేసి ఉంటే?

కైకలూరు_గట్టు
పంపేసి ఉంటే ఏమయ్యేదో నేను చెబుతా తల్లీ. 2018 జూలైలో చేప చెడకుండా ఫార్మలిన్ మందు కలుపుతున్నారని గోల లేచి అస్సాం మన ఆంధ్ర చేపల మీద నిషేధం పెట్టింది. లారీకి ఎక్కాల్సిన సరుకు చెరువులో ఉండిపోయింది. పట్టుబడికి వచ్చిన చేప ఆగదు, రోజూ తవుడు తింటుంది, తవుడు ఊరికే రాదు. నాకు ఆ ఏడు చేసిన అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. నా చెరువులో ఫార్మలిన్ చుక్క వాడింది లేదు. ఒక్క వార్త మా అందరినీ ఒకే గాటన కట్టేసింది. అందుకే చెబుతున్నా, తేలేదాకా నోరు విప్పొద్దు.

మూసీ_దిగువ
గట్టు అన్నా, మీ నష్టం నాకు అర్థమవుతోంది, కానీ ‘నోరు విప్పొద్దు’ అన్న మాటతో ఒప్పుకోలేను. మాది నక్కవాగు పరివాహకం. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్ళు ఆ వాగులో పడి మంజీరలో కలుస్తూ వచ్చాయి. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఆ ప్రాంతం భూగర్భ జలాల్లో ఆర్సెనిక్, వాగు మట్టిలో లోహాలు ఉన్నాయని ఏనాడో రాశారు. వాళ్ళు రాయబట్టే మా ఊళ్ళు కోర్టుకు వెళ్ళినప్పుడు చేతిలో కాగితం ఉంది. రాయకపోతే మా నాయన మాట, మా బర్రెల చావు, ఎవరు నమ్మేవాళ్ళు? తప్పు లెక్క రాయొద్దు, సరే. సరైన లెక్క దాచొద్దు.

కైకలూరు_గట్టు
దాచమనలేదు తమ్ముడూ. తేలాక రాయమన్నా. తేలకముందు రాసేవాళ్ళే ఎక్కువ.

చేపల_మాస్టారు
మీ ఇద్దరి మధ్యలోకి మినమటను తేవాలి. జపాన్‌లో ఆ ఊరి ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్ళు సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చాయి, తరవాత మనుషులకు చేతులు, మాట పడిపోయాయి. జబ్బు 1956 మేలో అధికారికంగా బయటపడింది. 1959లో ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరు హొసొకవ తన సొంత ఫ్యాక్టరీ నీళ్ళనే ఒక పిల్లి తిండిలో కలిపి పెట్టాడు. ఆయన రికార్డులో అది 400వ నంబరు పిల్లి. దానికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితం బయటికి రానివ్వలేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకున్నది 1968లో. ఆ తొమ్మిదేళ్ళూ జనం ఆ చేపలు తింటూనే ఉన్నారు. ఒక పిల్లి మీద తేలిన నిజం అది. ఆలస్యానికి ఖరీదు ఎంతో చెబుదామని రాశాను.

భీమిలి_తెరచాప
పాదరసం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా పక్క బాలింతలకు పాలసొర వండి పెడతారు, పాలు పడతాయని. మా ఆవిడకి వచ్చే నెల కాన్పు. మా అమ్మ ఇప్పటినుంచే బోటువాళ్ళకి చెప్పి ఉంచింది. సొరల్లో పాదరసం ఎక్కువని ఎక్కడో చదివాను. నిజమా?

డాక్టరమ్మ_నల్గొండ
నిజమే. నీటి అడుగున గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా మామూలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. దాన్ని ప్లవకాలు (నీళ్ళలో తేలే సూక్ష్మ జీవులు), ప్లవకాలను చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప... మెట్టు ఎక్కినకొద్దీ పెరుగుతుంది. సీసం, కాడ్మియం మామూలుగా ఇలా మెట్టు మెట్టుకూ పెరగవు, పాదరసానిది వేరే దారి. అందుకే సొర, కొమ్ముకోనం, పెద్ద సూరల్లో ఎక్కువ. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతల్లో తక్కువ.

లెక్క వేసి చూపిస్తా. అంతర్జాతీయ నిపుణుల కమిటీ చెప్పిన హద్దు వారానికి ఒంటి బరువు కిలోకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం. 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్న చేప అయితే వారానికి 96 గ్రాములతోనే కోటా అయిపోతుంది, అంటే ఒక ముక్క. కిలోకు 0.05 ఉన్న చేప అయితే దగ్గరదగ్గర రెండు కిలోలు తినొచ్చు. కడుపులో బిడ్డ మెదడు తయారవుతున్నప్పుడు, చనుపాలు తాగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర, కొమ్ముకోనం లాంటి పెద్ద వేట చేపలు మానేయాలని అమెరికా ఆహార సంస్థ కూడా చెబుతుంది.

అలాగని చేపలు మానిపించకండి. బిడ్డ మెదడుకు, కంటికి కావలసిన కొవ్వు చేపలో ఉంది. పాలసొర సొరల్లో చిన్న రకమే, ఒక పూట తిన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. కానీ ఈ రోజుల్లో మానేయడమే మంచిది. అమ్మగారితో ‘సొర వద్దు’ అని వాదించకుండా ‘కవళ్ళు పెట్టమ్మా, డాక్టరమ్మ చెప్పింది’ అనండి.

భీమిలి_తెరచాప
థాంక్సండీ. అమ్మకి మీ పోస్టు చదివి వినిపించాను. ‘కవళ్ళ పులుసైతే నాకూ ఇష్టమే’ అంది. గండం గడిచింది.

సంతబజార్
ఉప్పు, పసుపు, నిమ్మకాయ రుద్ది మూడు నీళ్ళు కడిగితే పోదా?

డాక్టరమ్మ_నల్గొండ
పోదు. నీచు పోతుంది, పాదరసం పోదు. అది కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. వేయించినా ఉడికించినా అక్కడే ఉంటుంది.

తూముగట్టు
మా ఊరి చెరువులో పోయిన వేసవిలో తెల్లారేసరికి చేపలు కుప్పలుగా తేలాయి. అదీ లోహాలేనా?

చేపల_మాస్టారు
తెల్లారుజామున అంటే ముందు ఆక్సిజన్‌ను అనుమానించు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. మురుగు కలిసిన చెరువులో తెల్లవారేసరికి ఏమీ మిగలదు. చేపలు నోళ్ళు తెరిచి పైకొచ్చి గుటకలు వేస్తాయి. లోహాలు ఇంత తొందరగా చంపడం అరుదు, వాటిది నిదానంగా సాగే పని. ఎదుగుదల తగ్గుతుంది, గుడ్లు పాడవుతాయి. మొప్పల మీద తెల్లటి జిగురు పేరుకుంటుంది, రాగి ఎక్కువైతే చేప ఒంట్లో ఉప్పు నిలవదు. నీళ్ళలో కాల్షియం ఉంటే మొప్ప దగ్గర అదే అడ్డుపడి కొంత కాపాడుతుంది. అందుకే లోహం కొలిచే ప్రతివాళ్ళూ నీటి కఠినత కూడా కొలవాలి.

వాగొడ్డు_పిల్ల
మొప్పల మీద జిగురు నేను చూశాను సార్! కొన్ని మార్పుల్లో వేలికి అంటుకుని తీగలా సాగింది. అన్నిట్లో లేదు. ఎందుకు కొన్నిటికే అన్నది అర్థం కాక రాసుకోలేదు.

ఉప్పుటేరు_రాజు
ఆ కొన్ని చెరువులో ఏ పక్క పడ్డాయి?

వాగొడ్డు_పిల్ల
తెలియదన్నా. పెద్దాయన వల తీశాక కుప్పలోంచి ఏరుకునేదాన్ని.

ఉప్పుటేరు_రాజు
ఆయన్నే అడుగు. మూడు నెలలు తెప్ప మీద తిరిగావు, చేపల గురించి అడిగావు, నీళ్ళ గురించి అడిగావా? మా నాన్న ఉప్పుటేరులో వల వేసేటప్పుడు నీళ్ళు చేత్తో తీసి వాసన చూసి వేసేవాడు.

వాగొడ్డు_పిల్ల
ఈ రోజు సాయంత్రం వెళ్ళి అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: ‘వాగు మూతి కాడ మార్పులు నల్లగ, జిగటగ ఉంటయి బిడ్డా. కూర వండితే మందు వాసన. అలుగు దిక్కువి మంచిగుంటయి. వాగు మూతియి మేం ఇంట్లకు తీస్కపోం.’

ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. నేను రెండు వైపుల చేపలనూ ఒకే సంచిలో వేసి సగటు తీశాను.

మూసీ_దిగువ
మరి వాగు మూతి దగ్గరివి ఎక్కడికి పోతాయి?

వాగొడ్డు_పిల్ల
అదీ అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత ‘వలకు పడ్డయన్నీ కలిసే మార్కెట్‌కు పోతయి’ అన్నాడు. దాచలేదు, తల వంచుకుని చెప్పాడు. వాగు మూతి దగ్గర వల వేయడం ఆపితే ఎలా ఉంటుందని నేనే అడిగాను. ‘నీ మిషన్ ల తేలితే కాగితం మీద రాసియ్యి, సంఘంల పెడత. వాగు మీదికెళ్ళి ఆ నీళ్ళు ఇడిసెటోల్లకు గూడ అదే కాగితం సూపెట్టాలె’ అన్నాడు.

మూసీ_దిగువ
నాకు ఇంకేం చెప్పాలో తెలియట్లేదు. ఆయనకు నా దండం చెప్పు.

కైకలూరు_గట్టు
నాదీ చెప్పు తల్లీ. వల వేయని నెలలు వాళ్ళకి జరుగుబాటు ఎలాగో కూడా సంఘంలో మాట్లాడుకోమను. చెరువులో ఓ మూల వదులుకోవడం చిన్న సంగతి కాదు.

ల్యాబ్_కోటు
మా దగ్గర గ్రాఫైట్ ఫర్నేస్ ఉంది. నమూనాలు ఐస్‌లో పెట్టి పంపు, సీసం, కాడ్మియం నేను నడిపిస్తా. పాదరసం కావాలంటే వేరే పరికరం, దానికీ ఒకరిని అడుగుతా. వాగు మూతి, చెరువు నడుమ, అలుగు, మూడు చోట్లా అడుగు మట్టి కూడా తియ్యి. ఇది కాక, ఫ్యాక్టరీల వాగు కలవని ఇంకో చెరువు నుంచి కూడా అవే చేపలు తెచ్చుకో. పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి.

వాగొడ్డు_పిల్ల
గైడ్‌తో మాట్లాడాను. పొడి, పచ్చి లెక్క చూపిస్తే కాసేపు కాగితం వంకే చూసి, ‘మళ్ళీ చెయ్, సబ్మిషన్‌కు గడువు అడుగుదాం’ అన్నారు. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు వాగు మూతి దగ్గర వల తీస్తారు, ఆ తరవాత అలుగు దగ్గర. వేర్వేరు సంచులు, వాటి మీద రాయడానికి పెన్సిల్, ప్లాస్టిక్ కత్తి కొన్నాను. ఈసారి పరక చేపలు కూడా ఇమ్మన్నాను.

చేపల_మాస్టారు
టేపు?

వాగొడ్డు_పిల్ల
కొన్నాను సార్. ప్రతి చేప పొడవూ రాస్తాను.